కంపోస్ట్ బిన్ కిట్ రివ్యూ: డబ్బా ఓకే, పౌడర్ దండగ

కిచెన్ చెత్తతో ఇంట్లోనే ఎరువు చేసుకునే కిట్లు ఆన్‌లైన్‌లో కుప్పలు కుప్పలుగా దొరుకుతున్నాయి కదా, అందులో ఒకటి వాడుతున్నా కాబట్టి రాస్తున్నా, కంపెనీ పేరు అడక్కండి, దాదాపు అన్నీ ఇదే టైపు. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు ప్లాస్టిక్ డబ్బాలు, పక్కల బెజ్జాలు, లోపల జల్లెడ ప్లేటు, కింద కుళాయి, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుక, చెత్తని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులుండే ఒక మైక్రోబ్ పౌడర్ ప్యాకెట్.

డబ్బాకి వంక పెట్టను. మూత గట్టిగా పడుతుంది, ఒకటి నిండితే దాన్ని వదిలేసి రెండోది మొదలెట్టుకోవచ్చు.

పేచీ అంతా పౌడర్‌తోనే. పొర పొరకీ చల్లాలట, అయిపోగానే రీఫిల్ కొనాలట. ఎందుకండీ, తొక్కలు కుళ్ళడానికి కావాల్సిన బ్యాక్టీరియా, ఫంగస్ ఆ తొక్కల మీదే ఉంటాయి, మరీ డౌటుగా ఉంటే ఒక గుప్పెడు పాత ఎరువో తోట మట్టో కలిపితే సరిపోతుంది. నిజంగా కావాల్సింది పొడి సరుకు. తొక్కల్లో నైట్రోజన్, తడి రెండూ ఎక్కువ, కానీ మొత్తం మిక్స్‌లో కార్బన్ నైట్రోజన్‌కి 25-30 రెట్లు ఉంటేనే ఎరువు బాగా అవుతుంది, ఆ కార్బన్ ఎక్కడుందంటే మనం పారేసే అట్టపెట్టెల్లో, పాత పేపర్లలో, గుడ్ల ట్రేల్లో. కోకోపీట్ అయిపోయాక మళ్ళీ కొనలేదు, డెలివరీ అట్టపెట్టెలకి టేపు పీకేసి ముక్కలు చింపి వేస్తున్నా, గుడ్ల ట్రే అయితే ఇంకా బెస్టు, తడి పీల్చుకుంటుంది, మధ్యలో గాలి ఆడుతుంది. తళతళలాడే మ్యాగజైన్ కాగితాలు మాత్రం వెయ్యను.

డబ్బాలో సరుకుని గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధారగా కారితే అట్ట ముక్కలు పడాల్సిందే. ఘాటుగా అమ్మోనియా వాసనొస్తే నైట్రోజన్ ఎక్కువైనట్టు, కుళ్ళిన గుడ్డు వాసనొస్తే లోపల గాలి లేనట్టు, కలిపి తిప్పాలి. తెల్ల బూజు చూసి కంగారు పడొద్దు, అది పని చేస్తున్నట్టే లెక్క.

పెట్టె మీద "30 రోజుల్లో ఎరువు" అని వేశారు, అది నమ్మకండి. ఎరువు కుప్ప బాగా వేడెక్కి 55-65 డిగ్రీలకి వెళ్ళాలంటే సుమారు ఒక ఘనమీటరు సరుకుండాలి, ఇంత చిన్న డబ్బా వేడి నిలుపుకోలేదు, కాబట్టి నెమ్మదిగానే అవుతుంది, రెండు మూడు నెలలు అనుకోండి. గుడ్డు పెంకులు మెత్తగా పొడి చేసి వెయ్యండి, లేదంటే ఎరువంతా అయ్యాక కూడా పెంకులు అలాగే కనిపిస్తాయి. పళ్ళ మీద స్టిక్కర్లు ముందే పీకెయ్యండి, చాలావరకు ప్లాస్టిక్కే. టీ బ్యాగుల్లో కూడా కొన్నిట్లో ప్లాస్టిక్ ఉంటుంది, చింపి లోపలి పొడి ఒక్కటే వేస్తే గొడవ ఉండదు.

ఇంకోటి, కుళాయిలోంచి వచ్చే నీళ్ళని ఆకుల మీద స్ప్రే చెయ్యమని కరపత్రంలో రాశారు. తినే ఆకుల మీద అయితే నేను చెయ్యను, సగం కుళ్ళిన సరుకులోంచి దిగిన నీళ్ళు అవి. బాగా నీళ్ళు కలిపి పూల మొక్కల మొదట్లో పోస్తా. అన్నట్టు ఆ కుళాయి తరచూ మూసుకుపోతుంది, జల్లెడ ప్లేటు కింద ఒక పాత నైలాన్ మెష్ ముక్క వేసుకోండి.