గేర్ బిరడలు: స్కూల్ ఆర్కెస్ట్రాలో ఏడేళ్లు వాడాక

నేను టెక్సాస్‌లో, డాలస్ శివార్లలోని ఒక మిడిల్ స్కూల్లో ఆర్కెస్ట్రా టీచర్‌ని. ఆరో తరగతిలో మొదటిసారి వయొలిన్ పట్టుకున్న పిల్లలు ఎనిమిదో తరగతి అయ్యేదాకా నా దగ్గరే నేర్చుకుంటారు. ఆరో తరగతిలో 36 మంది, పీరియడ్ 48 నిమిషాలు. ఒక్కొక్కరికి నాలుగు తీగలు, మొత్తం 144. తీగకి పది సెకన్లు చొప్పున వేసుకున్నా శ్రుతి చేయడానికే 24 నిమిషాలు, అంటే సగం క్లాసు. మొదట్లో నేను పిల్లల వరుసల మధ్య పరిగెడుతూ ఒక్కో వయొలిన్ అందుకుని శ్రుతి చేసి ఇచ్చేదాన్ని. చివరి వరుసకి చేరేసరికి ముందు వరుసలో మళ్ళీ రెండు జారిపోయి ఉండేవి. శ్రుతి అయిపోయిన పిల్లలు ఊరికే కూర్చోలేక మాటల్లో పడేవారు. బెల్ కొట్టే వేళకి నేను నేర్పింది నాలుగు స్వరాలు.

ఆ టెన్షన్ భరించలేక ఏడేళ్ల కిందట, తీగల్ని బిగించి వదిలే మామూలు బిరడల బదులు లోపల పంటి చక్రాలున్న గేర్ బిరడలు వేయించడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా స్కూల్ సొంత వాయిద్యాల్లో చాలావాటికి అవే ఉన్నాయి. కొత్తగా వచ్చే టీచర్లు, కొందరు తల్లిదండ్రులు వీటి గురించి తరచుగా అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మామూలు బిరడ కోసుగా చెక్కిన గట్టి కర్ర. 30 మిల్లీమీటర్ల పొడవుకి ఒక మిల్లీమీటర్ చొప్పున మందం తగ్గుతూ వస్తుంది. అది దూరే రంధ్రం కూడా అదే కోసులో ఉంటుంది. చెక్కకీ చెక్కకీ మధ్య ఒరిపిడి తప్ప దాన్ని పట్టి ఆపేది ఇంకేదీ లేదు. గాలిలో తేమ తగ్గితే చెక్క కుంచించుకుపోయి బిరడ జారుతుంది. తేమ పెరిగితే ఉబ్బి బిగుసుకుపోతుంది. మా దగ్గర నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో హీటర్లు ఆన్ అయి గాలి పొడిబారుతుంది. ఆ తర్వాతి సోమవారం తాళం తీసి చూస్తే అర డజను చెల్లోల (కూర్చుని నేలకి ఆనించి వాయించే పెద్ద వాయిద్యాల) తీగలు వేలాడుతూ ఉండేవి.

నేను విజయనగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ పాఠం చెప్పిన ఊరు. అక్కడ బిరడ తిప్పడం కూడా విద్యలో భాగమే. బిరడకి సుద్ద రాసి, అరచేత్తో లోపలికి నొక్కుతూ వెంట్రుకవాసి తిప్పమనేవారు మా మాస్టారు. అది చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. గురువు పక్కన కూర్చుని ఒక్కరే నేర్చుకునేచోట అది కుదురుతుంది. పదకొండేళ్ల పిల్లలు 36 మంది ఒకేసారి తిప్పితే, అన్నిటికంటే సన్నగా ఉండే E తీగలు రోజుకి మూడు తెగుతాయి.

గేర్ బిరడ చూడడానికి మామూలు నల్ల బిరడలాగే ఉంటుంది. పంటి చక్రాలు దాని కాడ లోపలే ఇమిడిపోయి ఉంటాయి. బయటి గొట్టం రంధ్రంలో కదలకుండా కూర్చుంటుంది, తీగ చుట్టుకున్న భాగం మాత్రమే నెమ్మదిగా తిరుగుతుంది. ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. నిల్లింగ్ వారి పర్ఫెక్షన్ ప్లానెటరీ పెగ్స్‌లో నిష్పత్తి 4కి 1, విట్నర్ వారి ఫైన్‌ట్యూన్ పెగ్స్‌లో 8.5కి 1. అంటే తల నాలుగు చుట్లు తిప్పితే, లేదా ఎనిమిదిన్నర చుట్లు తిప్పితే, తీగ దగ్గర ఒక్క చుట్టు అవుతుంది. మా దగ్గర రెండూ ఉన్నాయి, రెండింటితోనూ నాకు పని జరిగింది. అన్నిటికంటే పెద్ద వాయిద్యమైన డబుల్ బేస్ వాళ్లకి ఈ గొడవ లేదు. దానికి చాలాకాలంగా లోహపు గేర్లే. నా క్లాసులో రోజూ మొదట సిద్ధమయ్యేది బేస్ పిల్లలే అన్న సంగతి గమనించాకే నాకు ఈ ఆలోచన వచ్చింది.

బిగింపు కూలీతో కలిపి వయొలిన్ ఒక్కింటికి సుమారు 150 డాలర్లు అయింది, చెల్లోకి అంతకన్నా ఎక్కువ. స్కూల్ బడ్జెట్‌లో ఒకేసారి రాదు. మొదటి ఏడాది ఆరు చెల్లోలకి మాత్రమే వేయించాను. బిరడలు పెద్దవి, తీగల లాగుడు ఎక్కువ, పిల్లల చేతులు చిన్నవి, కాబట్టి అన్నిటికంటే ఎక్కువ సతాయించేవి చెల్లోలే. మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి. ఆ ఆరింటికీ వేయించిన నెలలోనే క్లాసు మొదట్లో ఐదారు నిమిషాలు నాకు మిగలడం మొదలైంది.

అసలు లాభం ఆ నిమిషాలకన్నా పెద్దది. పిల్లలు తమ శ్రుతి తామే చేసుకుంటున్నారు. సెప్టెంబర్, అక్టోబర్లలో నేనే చేస్తాను. నవంబర్ నుంచి ఇద్దరిద్దరు జతగా కూర్చుని, ఒకరు కమాను లాగుతుంటే ఇంకొకరు బిరడ తిప్పుతారు. మొదట A తీగ. స్పీకర్‌లో A స్వరం (440 హెర్ట్జ్) మోగుతూనే ఉంటుంది. తీగని ముందు కొంచెం కిందికి దించి, కిందినుంచి పైకి వస్తూ కలపమంటాను. పైనుంచి దిగితే తీగ నట్ దగ్గర (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) పట్టేసి ఆగుతుంది, వాయించగానే మళ్ళీ జారుతుంది.

పోయిన జనవరిలో ఒక పిల్ల, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయిస్తుంది, A తీగ కలిపాక D తీగని దానితో కలిపి లాగుతోంది. రెండు తీగల ధ్వని "వావావా" అని ఊగుతోంది. బిరడ రవ్వంత తిప్పింది. ఊగడం నెమ్మదించి "వా... వా..." అయింది. ఇంకొంచెం తిప్పింది. ఊగడం ఆగిపోయి రెండు ధ్వనులూ ఒకటిగా నిలబడ్డాయి. ఆ పిల్ల కమాను ఆపలేదు, అలాగే లాగుతూ నా వైపు చూసింది. పక్కనున్న పిల్లవాడు తన బిరడ మీద చెయ్యి తీసేసి విన్నాడు. మామూలు బిరడ అయితే ఆ రవ్వంత కదలిక పదకొండేళ్ల చేతికి దొరకదు, ఒక్కసారిగా అర స్వరం దూకేస్తుంది. నిశ్చలంగా కలిసిన పంచమం ఎలా ఉంటుందో వాళ్ల చెవికి ఎప్పటికీ తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది. ఆ ఒక్క కారణానికే నేను ఈ ఖర్చు మళ్ళీ పెడతాను.

ఇక ఇబ్బందులు. మొదటి విడతలో ఒక రిపేరు షాపులో బిగింపు సరిగా చేయలేదు. రెండు చెల్లోలకి జిగురు ఎక్కువ పెట్టేశారు. అది లోపలికి కారి తల తిరగకుండా పట్టేసింది. ఇంకోదాంట్లో రంధ్రం పెద్దదిగా తొలిచారు, మొత్తం గొట్టమే గిర్రున తిరిగేది. మూడూ విప్పించి వేరే చోట మళ్ళీ చేయించాల్సి వచ్చింది. అందుకని వీటిని ముందే బిగించిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ముందు ఒక్క వాయిద్యం చేయించి, నెల రోజులు వాడి, తర్వాతే మిగతావి పంపండి.

తీగ మార్చడానికి ఎక్కువసేపు పడుతుంది. 8.5 రకంలో చెయ్యి నొప్పెడుతుంది. గిటార్ వాళ్లు వాడే వైండర్ (బిరడ తలకి తగిలించి గబగబా తిప్పే పిడి) లాంటిది ఒకటి దగ్గర పెట్టుకోండి. పిల్లలు పాత అలవాటుతో లోపలికి నొక్కుతారు. నొక్కొద్దని ప్రతి సెప్టెంబర్‌లోనూ చెప్తూనే ఉండాలి. తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్క, బ్రిడ్జి, దాని సంగతి కూడా మరిచిపోకూడదు. గేర్లు ఉన్నా సరే, బిరడవైపు తీగ లాగిన ప్రతిసారీ బ్రిడ్జి పైభాగం కొద్దికొద్దిగా ముందుకి వంగుతుంది. వారానికోసారి అందరం వాయిద్యాన్ని పక్కనుంచి చూస్తాం. బ్రిడ్జికి టెయిల్‌పీస్ (తీగల కింది చివర్లు పట్టి ఉంచే ముక్క) వైపున్న ముఖం పైపలకకి నిటారుగా నిలబడాలి. ఒరిగితే నన్ను పిలవాలి, వాళ్లు ముట్టుకోకూడదు. ఒకసారి ఒరిగిన బ్రిడ్జిని ఎవరూ చూడలేదు. అది పడిపోయి, లోపల పైపలకకీ కింది పలకకీ మధ్య నిలబెట్టిన కర్ర, సౌండ్‌పోస్ట్, కూడా పడింది. ఆ కచేరీకి ఆ పిల్లవాడు అరువు చెల్లోతో వాయించాడు.

టెయిల్‌పీస్ దగ్గర శ్రుతి కొంచెం కొంచెంగా సవరించే చిన్న మరలు, ఫైన్ ట్యూనర్లు, తీసేయాలా అని చాలామంది అడుగుతారు. 8.5 రకం వేసినచోట నేను అన్నీ తీసేశాను. 4 రకం ఉన్న వయొలిన్లకి E తీగ దగ్గర ఒకటి ఉంచాను. మేం స్టీల్ తీగలు వాడతాం. వాటిలో రవ్వంత కదిలినా స్వరం చాలా మారుతుంది.

కర్ణాటక సంగీతం కూడా నేర్చుకునే తెలుగు పిల్లలకి ఇవి ఇంకా ఎక్కువ ఉపయోగం. మా ఏడో తరగతి అబ్బాయి ఒకడు ఆదివారం క్లాసులో అదే వయొలిన్ తీగల్ని కర్ణాటక పద్ధతిలో స, ప, స, ప స్వరాలకి పెడతాడు. తీగలన్నీ బాగా కిందికి దిగిపోతాయి. సోమవారం నా దగ్గర మళ్ళీ G, D, A, E స్వరాలకి ఎక్కించాలి. వాళ్ల నాన్నమ్మగారు ఒకరోజు కచేరీ అయ్యాక నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, వారానికో తీగ తెంపుకొస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?"

"బిరడలు మార్పించండి మామ్మగారూ, వాడిది సొంత వయొలినే కదా" అన్నాను.

మార్పించారు. ఆ తర్వాత ఏడాదిన్నరలో వాడు ఒకే ఒక్క తీగ తెంపాడు. వీలున్నవాళ్లు రెండు వయొలిన్లు పెట్టుకోవడం ఇంకా మంచిది. తీగ ప్రతివారం ఎక్కుతూ దిగుతూ ఉంటే శ్రుతి కుదురుకోవడానికి రెండు రోజులు పడుతుంది.

అందరికీ మాత్రం ఇవి పనికిరావు. అద్దెకి తెచ్చుకున్న వాయిద్యానికి షాపువాళ్లని అడక్కుండా వేయించొద్దు. హాఫ్ సైజు, అంతకన్నా చిన్నవాటికి దండగ, పిల్లలు ఏడాదిలో సైజు మారిపోతారు. వాటికి నాలుగు ఫైన్ ట్యూనర్లూ లోపలే ఉన్న టెయిల్‌పీస్ వేస్తే చాలు, చవకలో అయిపోతుంది. తాతల నాటి మంచి వయొలిన్ అయితే రంధ్రం తొలిపించే ముందు తెలిసినవాళ్లకి చూపించండి.

ఇంకొక సమస్య నాకు మూడో ఏడు గానీ తెలియలేదు. మా దగ్గర్నుంచి హైస్కూల్‌కి వెళ్లిన పిల్లకి అక్కడ మామూలు బిరడల వయోలా ఇచ్చారు. నొక్కుతూ తిప్పాలన్న సంగతే ఆ పిల్లకి తెలియదు, బిరడ నిలబడటం లేదని ఏడ్చిందట. తప్పు నాది. అప్పట్నుంచి రెండు వయొలిన్లు, ఒక చెల్లో పాత కర్ర బిరడలతోనే ఉంచాను. ఎనిమిదో తరగతి పిల్లలందరూ మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటిలో ఒకదాన్ని నా ముందు శ్రుతి చేసి చూపించాలి. సుద్ద కూడా వాళ్లే రాస్తారు. మాస్టారు నాకు నేర్పినట్టే నేర్పుతున్నాను, అరచెయ్యి, లోపలికి నొక్కు, వెంట్రుకవాసి.

మిగిలిన టైమ్ ఎక్కువగా సైట్ రీడింగ్‌కి, అంటే కొత్త స్వరలిపిని చూసి వెంటనే వాయించడానికి, పోతోంది. ఇక్కడ వసంతంలో జరిగే యూఐఎల్ (టెక్సాస్ స్కూళ్ల మధ్య పోటీలు నడిపే సంస్థ) పోటీలో పిల్లలు ఎప్పుడూ చూడని పాట ముందు పెట్టి, వాయించకుండా చూసుకోవడానికి కొన్ని నిమిషాలే ఇస్తారు. దానికి రోజువారీ సాధన తప్ప వేరే దారి లేదు. ఇదివరకు వారానికి ఒక్కసారి చేయించగలిగేదాన్ని, ఇప్పుడు రోజూ స్వరలిపిలో ఎనిమిది మెజర్లు (అడ్డగీతల మధ్య ఉండే గళ్లు) కొత్తవి చదువుతున్నాం. ఈ ఆగస్టులో మిగిలిన ఐదు వయోలాలకి కూడా బిరడలు మార్పిస్తున్నాం. పిల్లల తల్లిదండ్రులు కలిసి డబ్బు పోగుచేశారు.