పార్వో ఉన్న గచ్చుకి ఫినాయిల్ చాలదు: బ్లీచింగ్ పౌడర్ మీద మా మాట

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు కుక్కల షెల్టర్ నడిపేవాళ్ల నెల సరుకుల చీటీలో బియ్యం, గుడ్ల తర్వాత తప్పకుండా ఉండేది ఫినాయిల్. ఘాటు వాసన వస్తుంది, నీళ్లలో పోయగానే తెల్లగా విరుగుతుంది, గచ్చు శుభ్రపడిందన్న ధైర్యం కలుగుతుంది. కుక్కపిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునే పార్వో వైరస్ మీద మాత్రం ఆ మామూలు ఫినాయిల్ ప్రభావం ఏమీ ఉండదు. అదే కొట్టులో దొరికే బ్లీచింగ్ పౌడర్ పార్వోని చంపుతుంది. కాకపోతే తాజా పొడి కొనాలి, కొలిచి కలపాలి, ముందు గచ్చు కడగాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా పొడి దండగే.

ఫినాయిల్ ఎందుకు చాలదంటే, కుక్కలకి వచ్చే ఇంకో జబ్బు డిస్టెంపర్ తెచ్చే వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు, ఫినాయిల్ లాంటివి ఆ పొరని చీల్చేస్తాయి, వైరస్ చస్తుంది. పార్వోకి ఆ పొరే లేదు. గచ్చు పగుళ్లలో, గిన్నెల అంచుల్లో, చెప్పుల కింద నెలల తరబడి బతుకుతుంది. ఊరకుక్కలు మన వైపు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి. ఆ పిల్లలకి రెండు నెలలు వచ్చేసరికి తల్లి పాల రక్షణ తగ్గుతూ ఉంటుంది, టీకా కోర్సు ఇంకా పూర్తయి ఉండదు. సరిగ్గా అప్పుడే వాటిని షెల్టర్‌కి తెస్తారు. ఒక పిల్ల రక్తవిరేచనాలు చేసుకున్న గదిలో ఫినాయిల్ పోసి తుడిచి, వారం తిరక్కుండా ఇంకో ఈత పిల్లల్ని పెడితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పైగా నల్ల ఫినాయిల్ తడి ఆరకముందే కుక్క దాన్ని నాకితే నోరు, పాదాలు కాలతాయి. పిల్లులున్న చోట అసలు వాడకూడదు.

ఇక బ్లీచింగ్ పౌడర్. తాజా పొడిలో పనిచేసే క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది. 10 లీటర్ల నీళ్లకి 70 గ్రాములు కలిపితే పార్వోకి సరిపడే 0.2 శాతం ద్రావణం వస్తుంది. గుప్పెటతో వేయకండి, వంటింటి త్రాసు ఒకటి కొనండి. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు కొద్ది నీళ్లతో జారుడు ముద్దలా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి అరగంట వదిలేయాలి. పొడిలోని సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే వాడాలి. అడుగు మడ్డి స్ప్రే పంపులోకి వెళ్తే నాజిల్ పూడుకుపోతుంది, గచ్చు మీద తెల్ల పొర కడుతుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. ఎండలో పెట్టిన బకెట్ అయితే పూటలోనే బలం పోగొట్టుకుంటుంది.

అసలు తప్పు జరిగేది కలపడంలో కన్నా కడగడంలో. మలం, వాంతి, అన్నం మెతుకులు గచ్చు మీద ఉండగానే బ్లీచింగ్ నీళ్లు పోస్తే, క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోయి వైరస్ దాకా చేరదు. కుక్కల్ని బయటికి తీసి, మురికి ఎత్తి, సబ్బు పొడితో బ్రష్ పెట్టి రుద్ది, నీళ్లతో కడిగేశాకే బ్లీచింగ్ పోయాలి. గచ్చు 10 నిమిషాలు తడిగా ఉండాలి. మే నెల ఎండకి ముందే ఆరిపోతే మళ్లీ పోయాలి. ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి, ఆరాకే కుక్కల్ని లోపలికి వదలాలి. ఉచ్చని ముందు కడిగేయడానికి ఇంకో కారణం ఉంది. అందులోని అమ్మోనియా బ్లీచింగ్‌తో కలిస్తే కళ్లు, గొంతు మండించే వాయువు పుడుతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువే వస్తుంది, అది ప్రాణాంతకం. యాసిడ్ సీసా, బ్లీచింగ్ డబ్బా ఒకే అరలో పెట్టకండి.

పంచాయతీవాళ్లు కాలువ గట్టున చల్లినట్టు పొడిని పొడిగానే చల్లడం షెల్టర్‌లో పనికిరాదు. పొడి కుక్క పాదాలకి అంటుకుని కాలుస్తుంది, ముక్కులోకి పోతుంది, వైరస్ మాత్రం అలాగే ఉంటుంది. మట్టి నేల మీద కూడా బ్లీచింగ్‌తో లాభం లేదు, మట్టే దాన్ని తినేస్తుంది. పార్వో వచ్చిన మట్టి పెరట్లోకి టీకాలు పూర్తికాని పిల్లల్ని వదలకపోవడం ఒక్కటే దారి. దత్తత ఇచ్చేటప్పుడు కూడా ఆ ఇంట్లో ఈ ఏడాదిలో కుక్కపిల్ల ఏదైనా విరేచనాలతో చనిపోయిందా అని అడగండి. చనిపోయి ఉంటే టీకా కోర్సు పూర్తయిన కుక్కనే ఇవ్వండి.

కొనడం దగ్గర మా సలహా: 25 కిలోల బస్తా చవకే గానీ చిన్న షెల్టర్‌కి వద్దు. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే బరంపురంలో గానీ, వానాకాలం పర్లాకిమిడిలో గానీ, విప్పిన బస్తా తేమ పీల్చి గడ్డకడుతుంది. గడ్డకట్టినదానిలో మిగిలేది దాదాపు సున్నమే. కిలో ప్యాకెట్లు, తయారీ తేదీ చూసి, నెలకి సరిపడా తీసుకోండి. మూత తీయగానే ముక్కు అదరకపోతే అది పాత సరుకు. నీడలో, ప్లాస్టిక్ డబ్బాలో, కిరోసిన్‌కీ పెట్రోల్‌కీ దూరంగా ఉంచాలి, వాటితో కలిస్తే అంటుకునే ప్రమాదం ఉంది. కలిపేటప్పుడు చేతులకి గ్లవ్స్, ముక్కుకి గుడ్డ తప్పనిసరి.

దీని పెద్ద లోపం ఇనుము. బోను తలుపులు, గొలుసులు, రేకు గిన్నెలు తుప్పు పడతాయి. కడిగేయడం మరిస్తే స్టీలు గిన్నెలకీ మచ్చలు వస్తాయి. దుప్పట్లు, గోనెసంచులు రంగుపోయి చివికిపోతాయి. పార్వో పిల్ల పడుకున్న గోనెసంచిని ఉతికే ప్రయత్నం చేయకండి, కాల్చేయండి.

కోళ్ల మందుల దుకాణాల్లో దొరికే వైర్‌కాన్ ఎస్ అనే క్రిమిసంహారక పొడి కూడా పార్వోని చంపుతుంది. లీటరుకి 10 గ్రాములు. నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి, రంగు వెలిసిపోతే పారబోసి కొత్తది కలపాలి. మురికిని బ్లీచింగ్ కన్నా బాగా తట్టుకుంటుంది, వాసన తక్కువ. ఖరీదు ఎక్కువ కాబట్టి గచ్చంతా దానితో కడగడం చిన్న సంస్థలకి భారం. జబ్బు కుక్కల్ని విడిగా ఉంచే ఐసొలేషన్ గది బోనులకి, వైద్యం చేసే బల్లకి, కుక్కల్ని తెచ్చే ఆటో వెనక భాగానికి అది ఉంచుకుని, గచ్చుకి బ్లీచింగ్ వాడితే డబ్బు కలిసొస్తుంది.

రోజూ ఆరోగ్యంగా ఉన్న పిల్లల గది ముందు, పెద్ద కుక్కలది తర్వాత, ఐసొలేషన్ ఆఖర్న కడగాలి. ఐసొలేషన్‌కి చీపురు, బకెట్, చెప్పులు వేరే ఉండాలి, వాటి మీద ఎర్ర పెయింట్ గీత వేస్తే కొత్త పనివాళ్లు కూడా తికమక పడరు. గుమ్మంలో కాళ్లు ముంచడానికి పెట్టే మందునీళ్ల తొట్టిని మరీ నమ్ముకోవద్దు. నాలుగు బురద కాళ్లు పడ్డాక అందులో ఉన్నవి ఉత్త మురికినీళ్లే.