ఫైర్‌వాల్‌కు ఏ సీలెంట్?

అమలాపురం దగ్గర కొబ్బరితోటలోని షెడ్డులో కట్టుకుంటున్న మా చిన్న విమానం పని ఫైర్‌వాల్ (ఇంజిన్‌లో మంట లేస్తే లోపలికి రాకుండా ఆపే అడ్డుగోడ) దగ్గర ఆగింది. తీగలు దూరే రంధ్రాలను దేనితో మూయాలి?

ఎర్ర సిలికోన్ చవక. గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది; కోనసీమలో తేమకు కొదవా! కానీ అది నిలకడగా తట్టుకునే వేడి దాదాపు 260 డిగ్రీల సెల్సియస్. అమెరికా విమాన ప్రమాణాల ప్రకారం ఫైర్‌వాల్ దాదాపు 1,100 డిగ్రీల మంటను 15 నిమిషాలు ఆపాలి. పైగా పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తే ఎసిటిక్ ఆమ్లం వెలువడుతున్నట్టే; రాగి తీగలు తుప్పు పడతాయి.

విమానాల కోసమే చేసిన సీలెంట్ ఖరీదైనది. రెండు భాగాలు కలిపాక త్వరగా పూసేయాలి. నాది మొదటిసారి గిన్నెలోనే బిగుసుకుపోయింది. అయినా నా ఓటు దానికే. పెద్ద రంధ్రానికి మాత్రం స్టీలు రేకు బిగించి, అంచులకే పూశాను.