ధర్మాబాద్‌లో పచ్చి అంజీరకు మంచి గతి: బచత్ గట్ వంటశాల మీద నా అభిప్రాయం

అంజీర చెట్లున్నవాళ్లకు మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మంచి ఆసరా దొరికింది. రైలు పట్టాలకు అవతలి వైపు ఒక బచత్ గట్ (పొదుపు సంఘం) మహిళలు నడిపే చిన్న వంటశాల అది. మన కాయలు, పండ్లు తీసుకెళ్లి ఇస్తే కూలి తీసుకుని మురబ్బా, జామ్, బర్ఫీ, ఊరగాయ చేసి ఇస్తారు. మాలాంటి వాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే.

అంజీర కోశాక మాగదు. పచ్చిగా తెంపితే పచ్చిగానే ముడుచుకుపోతుంది, పండింది రెండు రోజులకే పులుస్తుంది. పుణె జిల్లా పురందర్ అంజీరకు 2016లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. 2024లో అక్కడి రైతుల కంపెనీ అంజీర రసాన్ని పోలండ్‌కు కూడా పంపింది. చాలా సంతోషం. కానీ గట్టు మీద నాలుగు చెట్లున్న రైతు పంట నాందేడ్ మార్కెట్‌కు లారీ కట్టేంత ఎక్కువా కాదు, ఇరుగుపొరుగుకు పంచితే తీరేంత తక్కువా కాదు. పైగా ఈసారి వడగళ్లు పడి కొమ్మలు విరిగాయి. పచ్చి కాయలు బుట్టలకొద్దీ రాలాయి. వాటిని పశువులకు వేయడానికి మనసొప్పక ఇక్కడికి తెచ్చాను.

వీళ్ల పనితనమంతా పచ్చి కాయ మురబ్బాలో ఉంది. వేలెడు లావు మించని, లోపల గింజ ముదరని కాయలనే ఏరుతారు. చేతులకు కొబ్బరినూనె పట్టించి తొడిమ, అడుగు కోస్తారు. కోసిన చోట తెల్లటి పాలు బొట్లుగా ఉబికి వస్తాయి. అందులో మాంసకృత్తులను కరిగించే ఎంజైమ్ ఉంటుంది, చర్మానికి తగిలితే మంట పుడుతుంది. కాయలను ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు, మళ్లీ కొత్త నీళ్లు పోస్తారు. "నీళ్లు తేటగా కనబడేదాకా వదలకూడదన్నా, లేకపోతే గొంతు పట్టేస్తుంది" అని అక్కడి పెద్దావిడ చెప్పింది. పుల్లతో గుచ్చితే మెత్తగా దిగాకే కాయలు పాకానికి వెళతాయి.

పాకం దగ్గర వీళ్లు చూపే ఓపిక నాకు బాగా నచ్చింది. మొదటి రోజు లేత పాకంలోనే నానబెడతారు. మర్నాడు కాయలు తీసి పాకాన్ని మరిగించి చిక్కబరుస్తారు, మళ్లీ కాయలు వేస్తారు. ఒకేసారి ముదురు పాకంలో వేస్తే కాయలోని నీరంతా బయటికి వచ్చి అది గట్టిపడుతుంది. చివర తీగపాకం వచ్చాక అల్లం ముక్క, లవంగం, పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం వేస్తారు. సీసాలో కాయ ఆకుపచ్చగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. కొరికితే తీపి వెనక చిన్న వగరు తగులుతుంది. ఆ వగరు ఉండటమే దీని గొప్ప. గ్రీసు, టర్కీ దేశాల్లోనూ పచ్చి అంజీరను ఇలాగే పాకం పడతారు.

ఊరగాయ కూడా బాగుంది. ధర్మాబాద్ మిరప బజారు పక్కనే ఉండగా కారానికి కొదవేముంది! నువ్వుల నూనె, ఆవపొడి వేసి కలిపిన ఆ కాయ జొన్న రొట్టెతో తినాలి. పండ్ల బర్ఫీ ఫరవాలేదు. గుజ్జును ముందు నేతిలో బాగా మగ్గించి తర్వాతే కోవా కలుపుతారు, లేకపోతే అంజీరలోని అదే ఎంజైమ్ పాలను విరిచేస్తుంది. నాకైతే తీపి ఎక్కువైంది. జామ్‌లో తీపి తగ్గించమని అడగవద్దు, చక్కెర తగ్గితే అది నిలవ ఉండదు.

ఎండు అంజీర మాత్రం చేయించుకోకండి. మన పూనా రకం పలుచటి తోలుది, నీరు ఎక్కువ, తీపి తక్కువ. ఎండాక తోలూ గింజలూ తప్ప ఏమీ మిగలదు. దుకాణాల్లో దండ గుచ్చి అమ్మే అఫ్గాన్ అంజీర ముందు ఇది నిలవదు. వంటశాల వాళ్లు మాత్రం ఎవరడిగినా కాదనకుండా ఎండబెట్టి ఇస్తున్నారు, అది నాకు నచ్చలేదు. ముందే చెప్పాలి కదా.

ఇంకొక లోపం, సీసాల మీద తయారుచేసిన తేదీ ఉండదు. చీటీ అంతా మరాఠీలోనే ఉంటుంది. సరిహద్దు ఊరు కదా, సగం మంది తెలుగువాళ్లమే వస్తాం, ఒక వరుస తెలుగులో రాస్తే మా అమ్మలాంటి పెద్దవాళ్లు కూడా చదువుకుంటారు. ఈ మాట వంటశాల పెద్దావిడకు చెప్పాను, రాయిస్తానంది.

మురబ్బాకు కిలో కాయకు 80 రూపాయల కూలి, చక్కెర మనదే. మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడే పనికి ఇది ఎక్కువేమీ కాదు. పండ్లయితే పొద్దున పది లోపే ఇవ్వాలి, దెబ్బతిన్నవి తిప్పి పంపుతారు. సీసాలు మనమే తీసుకెళ్లాలి, వెడల్పు మూతివి అయితే మేలు. సంత రోజు తీసుకోరు.