ఫ్రీజర్‌లో దొరికే బిస్కెట్ పిండి: రెండు నెలలు వాడాక నా మాట

మార్చి చివర నుంచి ఫ్రోజెన్ కుకీ డౌ వాడుతున్నా, అదేనండి, బిస్కెట్ పిండిని ఉండలు చేసి గడ్డకట్టించి డబ్బాలో అమ్ముతున్నారు కదా, అది. మియాపూర్‌లో మా ఇంటి దగ్గర సూపర్‌మార్కెట్‌లో బఠానీలు, పరోటాలు పెట్టే ఫ్రీజర్‌లోనే ఓ మూల ఉంటుంది. ఇప్పటికి రెండు రకాలు కొన్నా, ఒకటి 249కి 12 ఉండలు, ఇంకోటి 320కి 8. చాలామంది ఇదేదో బద్ధకస్తుల తిండి అనుకుంటారు, నాకైతే అలా అనిపించలేదు, ఎందుకో చెప్తా.

నేను ఇంట్లో బిస్కెట్లు చేసే మనిషినే. కానీ ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఏడున్నర, అప్పుడు వెన్న బయటపెట్టి, అది మెత్తబడ్డాక పంచదారతో గిలక్కొట్టి, మైదా జల్లించి, పిండి ఫ్రిజ్‌లో పెట్టి, ఇవన్నీ అయ్యేసరికి పిల్లాడు నిద్రపోతాడు. ఈ డబ్బా ఉంటే వాడు హోంవర్క్ చేస్తుండగా నాలుగు ఉండలు తీసి ట్రేలో పెడతా, పావుగంటలో ఇల్లంతా వాసన. వాడు ఓవెన్ అద్దం ముందు కూర్చుని ఉండ మెల్లగా పరుచుకోవడం చూస్తాడు, అంచులు ఎర్రబడగానే "అమ్మా అయిపోయింది" అని అరుస్తాడు. షాపు నుంచి తెచ్చిన ప్యాకెట్ చింపితే ఇది రాదు కదా.

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లో ఓవెన్ ఎవరికుంది, మైదా, పంచదార, డాల్డా, యాలకులు సంచిలో వేసుకుని నాన్న స్కూటర్ మీద బేకరీకి వెళ్ళేవాళ్ళం, కూలి తీసుకుని వాళ్ళే కలిపి భట్టీలో కాల్చి ఇచ్చేవాళ్ళు, రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే తొడలు కాలేవి. ఆ వేడి బిస్కెట్ రుచి నా నాలుక మీద ఇంకా ఉంది, ఏది తిన్నా దాంతోనే పోల్చుకుంటా.

అలా పోలిస్తే మొదటి డబ్బా నిలబడలేదు. చూడ్డానికి బాగా పొంగింది, రంగు బాగుంది, కానీ నాలుగు కొరుకులయ్యాక అంగిలికి మైనం అంటుకున్నట్టు అయింది. డబ్బా తిప్పి చూస్తే మైదా, పంచదార తర్వాత ఎడిబుల్ వెజిటబుల్ ఫ్యాట్ (డాల్డా లాంటి నూనె కొవ్వు) అని ఉంది, వెన్న ఎక్కడో చివర్లో. లేబుల్ మీద ఏది ముందు రాస్తే అది బరువులో ఎక్కువున్నట్టు, కొనేముందు ఆ ఒక్క లైను చదవండి చాలు. గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2022 జనవరి నుంచి మొత్తం కొవ్వులో 2 శాతం దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) రూల్ ఉంది కాబట్టి పాత డాల్డా భయం అంత అక్కర్లేదు, నా బాధ రుచి గురించే. రెండోదాంట్లో వెన్న మూడో స్థానంలో ఉంది, ఒక్కో బిస్కెట్ 40 రూపాయలు పడుతుంది, అయినా సరే అదే కొంటున్నా. అంచు కరకర, మధ్యలో మెత్తగా, వెన్న వాసన ముక్కుకి తెలుస్తుంది.

ఇంకోటి, ఉస్మానియా బిస్కెట్ అనుకుని మాత్రం కొనకండి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదున్న ఆ బిస్కెట్ ఉప్పూ తీపీ కలిసి ఇరానీ చాయ్ కోసమే పుట్టినట్టుంటుంది, ఇవి తీపి ఎక్కువ, చాక్లెట్ ముక్కలు, చాయ్‌లో ముంచితే విరిగి అడుక్కి పోతాయి. పాలతో బాగుంటాయి.

డాలస్‌లో మా అక్క వాళ్ళింట్లో ఫ్రోజెన్ బిస్కెట్లు తిన్నా, అక్కడ బిస్కెట్ అంటే మనది కాదు, మనం బిస్కెట్ అనేదాన్ని వాళ్ళు కుకీ అంటారు, వాళ్ళ బిస్కెట్ పొరలు పొరలుగా బన్నులా మెత్తగా ఉంటుంది, మజ్జిగ పోసి కలుపుతారు. అక్క వాటిని ఫ్రీజర్‌లోంచి తీసి కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టింది. అదేంటక్కా అంటే, వెన్న చల్లగా ఉంటేనే లోపల ఆవిరి పుట్టి పొర లేస్తుందే, ముందే కరిగితే పిండిలో కలిసిపోతుంది అంది. మన కుకీకి పొరలు లేవు గానీ చల్లదనం దీనికీ కావాలి, వెన్న నిదానంగా కరిగితే బిస్కెట్ మరీ పరుచుకునేలోపు గట్టిపడుతుంది. మనం ఇంట్లో పిండిని ఫ్రిజ్‌లో పెట్టేది కూడా అందుకే, ఈ డబ్బాలో ఆ పని ముందే అయిపోయి ఉంటుంది.

అందుకే దీన్ని యాప్‌లో ఆర్డర్ చేయొద్దు, కనీసం ఎండాకాలంలో. మే నెలలో ఒకసారి మధ్యాహ్నం తెప్పిస్తే డబ్బా తడిసిపోయి వచ్చింది, ఉండలన్నీ అతుక్కుని ఒకే ముద్ద. మళ్ళీ గడ్డకట్టించి కాల్చా, అప్పడంలా పరుచుకుని అడుగు మాడింది, నడుమ పచ్చి. డబ్బులు వెనక్కిచ్చారు, కానీ ఆ రోజు వాడి ఫ్రెండ్స్ నలుగురు వచ్చారు, పిల్లల ముందు ఖాళీ ప్లేటు పెట్టాల్సొచ్చింది, నాకు చాలా కష్టమనిపించింది. డబ్బా ఊపి చూడండి, ఉండలు గలగలలాడాలి, లోపల మంచు పెళ్ళలు కట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉండొచ్చు.

ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, కింద పైన రెండు రాడ్లూ వేసి 180 డిగ్రీల మీద పది నిమిషాలు ముందు వేడి చేయండి, మధ్య అరలో 14 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, కాలలేదని మళ్ళీ పెట్టకండి, ట్రే మీద ఐదు నిమిషాలు వదిలేస్తే బిగుసుకుంటాయి. ఎయిర్ ఫ్రైయర్‌లో అయితే 160 మీద పది నిమిషాలు, అడుగున పరిచే బటర్ పేపర్ అంచులు ఉండల కింద నొక్కిపెట్టాలి, లేదంటే ఫ్యాన్ గాలికి లేచి బిస్కెట్ మీద పడుతుంది.

పోయిన ఆదివారం నేనే అమూల్ వెన్నతో, యాలకులు వేసి, నాన్న తీసుకెళ్ళే కొలతలతోనే పిండి కలిపి 30 ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టా. నిన్న రాత్రి ఆరు కాల్చాను, వాడు నాలుగు తిన్నాడు, మిగతా రెండూ పొద్దున నాన్నకి పంపించా.