మిన్నెసోటా చలికాలంలో ఇంటిపట్టున అల్లిక, పుస్తకాలు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

డిసెంబరు మూడో వారంలో మినియాపొలిస్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మళ్ళీ తెల్లవారేసరికి ఏడూ ముప్పావు. బయట మైనస్ 20 సెల్సియస్, రోడ్ల నిండా మంచు, శని ఆదివారాలు రెండూ నాలుగు గోడల మధ్యే. అలాంటి ఇంట్లో ఏళ్ల తరబడి వాడిన సామాను గురించి ఈ సమీక్ష: క్రోషే హుక్కులు, ఊలు, గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫయర్, పుస్తకాల జిగురు, టేబుల్ ల్యాంపు. చలి సంగతి హీటర్ చూసుకుంటుంది. చేతిపనినీ పుస్తకాలనీ పాడుచేసేది ఆ హీటర్ వల్ల ఇంట్లో మిగిలే పొడిగాలి. అందుకే డబ్బు ముందు అక్కడ పెట్టాలి, ఊలు తర్వాత కొనుక్కోవచ్చు.

లెక్క చూడండి. మైనస్ 20 దగ్గర ఘనపు మీటరు గాలిలో నీటి ఆవిరి మహా అయితే ఒక గ్రాము ఉంటుంది. అదే గాలి ఇంట్లోకొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా పట్టగలదు. అంటే తేమ ఐదారు శాతానికి పడిపోయినట్టు. వంట, స్నానాలు, మనుషుల ఊపిరి కలిసి దాన్ని కాస్త పైకి లాగుతాయి. ఇడ్లీ పాత్ర పొయ్యి మీదున్నంతసేపూ పక్కగదిలో తేమ మీటరు ఎగబాకడం కనిపిస్తుంది. ఏమీ చేయకపోతే మాత్రం ఇల్లు ఇరవై దగ్గరో, ఇంకా కిందో ఆగిపోతుంది. అప్పుడు అక్రిలిక్ ఊలు చేతికీ బట్టలకీ అంటుకుపోయి చిటపటలాడుతుంది, పగిలిన వేళ్ల చర్మం ప్రతి కుట్టుకీ దారాన్ని పట్టుకుంటుంది, పలచటి అట్టల పుస్తకాలు పైకి ముడుచుకుంటాయి.

హ్యుమిడిఫయర్లలో నీటిని సన్నటి తుంపరగా చిమ్మే అల్ట్రాసోనిక్ రకం చవక, చప్పుడు చేయదు. కానీ కుళాయి నీళ్లు పోస్తే నీటిలోని లవణాలన్నీ తెల్లటి పొడిగా నల్ల అట్టల మీదా ల్యాంపు మీదా పేరుకుంటాయి. డిస్టిల్డ్ నీళ్లు పోయొచ్చు గానీ, ఒక మోస్తరు గదికే రోజుకు నాలుగు లీటర్లు తాగే యంత్రానికి ఎన్నని మోస్తాం? పుస్తకాలున్న గదికి ఫ్యాను, తడి విక్ (నీరు పీల్చే వత్తి) ఉండే ఎవాపరేటివ్ రకమే మేలు. లవణాలు విక్‌లోనే ఆగిపోతాయి. ఫ్యాను చప్పుడు ఉంటుంది, అలవాటవుతుంది. విక్ గట్టిపడి నీరు పైకి పీల్చడం మానేసిందంటే మార్చాలి, నీటి గట్టిదనాన్ని బట్టి నెలకో రెణ్ణెల్లకో. ట్యాంకును వారానికోసారి తెల్ల వెనిగర్‌తో కడగకపోతే అడుగున జిగటపొర పట్టి గదంతా పాచివాసన వేస్తుంది.

తేమ ఎంత ఉండాలి? మామూలు రోజుల్లో 30–35 శాతం, మైనస్ 20 దాటిన రోజుల్లో 25. 'ఎక్కువైతే ఇంకా హాయి' అనుకుని 45కి పెడితే కిటికీ అద్దాల కింది అంచున నీరు చేరి రాత్రికి గడ్డకడుతుంది, పగలు కరిగి చెక్కలోకి దిగుతుంది. బయటి గోడకు ఆనించిన పుస్తకాల అర వెనక నల్లబూజు పట్టేది కూడా అప్పుడే. అరకూ గోడకూ మధ్య ఐదు సెంటీమీటర్లు వదలండి. నేలలోని వేడిగాలి జాలీ పక్కన అర అసలే వద్దు. పదిహేను డాలర్ల లోపు దొరికే తేమ మీటరు లేకుండా ఇవన్నీ ఊహాగానాలే.

వేళ్లకు కొబ్బరినూనె రాయడం మనకలవాటు. 24 డిగ్రీల కింద అది గడ్డే కాబట్టి ఇక్కడ గరిటెతో తవ్వాలి. రాశాక పావుగంట ఆగి, చేతులు తుడుచుకుని ఊలు ముట్టుకోండి. పేజీల మీద పడిన నూనె మరక మాత్రం పోదు.

ఇక అల్లిక. రెండు సూదుల నిట్టింగ్ కంటే క్రోషేకి నా ఓటు, ముఖ్యంగా మొదలుపెట్టేవాళ్లకి. ఎప్పుడూ ఒక్క కుట్టే తెరిచి ఉంటుంది, పిల్లలు లాగినా పోయేది నాలుగు కుట్లు. పైగా మనకు కొత్త విద్య కాదు. నరసాపురం లేసు, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినది, ఈ హుక్కుతో అల్లేదే. అయితే ఆ చేతివాటం సన్నటి నూలుదారానికి అలవాటు పడింది, బిగించి లాగుతుంది. ఊలుకి ఆ బిగువు పనికిరాదు. వర్‌స్టెడ్ అనే నడిమి మందం ఊలుకి మామూలు చేతికి 5.5 మిల్లీమీటర్ల హుక్కు చాలు, లేసు అల్లిన చేతికి 6 ఇవ్వండి. హుక్కు పిడి మెత్తగా ఉండాలి. జపాన్ కంపెనీ క్లోవర్ వాళ్ల అమూర్ రకం రబ్బరు పిడి గంటసేపు అల్లినా బొటనవేలిని నొప్పిపెట్టదు. వట్టి అల్యూమినియం హుక్కుల సెట్టు చవకే, కానీ సన్నటి పిడిని గట్టిగా నొక్కిపట్టాల్సి వచ్చి మణికట్టు పీకుతుంది.

పెద్దవాళ్ల టోపీ ఒకటి పూర్తిగా చెబుతాను, అన్ని కొలతలూ అందులోనే తేలతాయి. కుట్టు అమెరికా పద్ధతి హాఫ్ డబుల్, అంటే హుక్కుకి దారం ఒకసారి చుట్టి, చివర్లో మూడు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేది. బ్రిటిష్ ప్యాటర్న్‌లో దీన్నే హాఫ్ ట్రెబుల్ అంటారు. ఏ దేశపు ప్యాటర్నో చూడకుండా మొదలెడితే టోపీ ఎత్తు ఎక్కడా కలవదు. మ్యాజిక్ రింగ్‌లో, అంటే లాగితే బిగిసే దారపు ఉచ్చులో, 8 కుట్లు. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, 16. మూడో వరసలో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు, 24. అలా వరసకి ఎనిమిది చొప్పున పెంచుతూ తొమ్మిదో వరసకి 72. ఇక్కడ ఆగి బల్ల మీద పరిచి కొలవండి. బిళ్ల అడ్డంగా 17 సెంటీమీటర్లు, చుట్టుకొలత 53. తల 56 ఉన్నవాళ్లకి ఇది సరిగ్గా పట్టి కూర్చుంటుంది. బిళ్ల అంచు కుచ్చిళ్లు పోతే కుట్లు ఎక్కువ పడ్డాయని, గిన్నెలా వంగితే చెయ్యి బిగువని. పది సెంటీమీటర్లకు 13–14 కుట్లు రావాలి, అంతకన్నా ఎక్కువ వస్తే హుక్కు ఒక సైజు పెంచండి. పెంచే కుట్లు ప్రతి వరసలో ఒకదానిమీద ఒకటి పడితే బిళ్ల ఎనిమిది మూలలు తేలుతుంది, అందుకని ఒక్కో వరసలో ఒక్కోచోట మొదలెట్టాలి. తర్వాత పెంచకుండా 72 మీదే పన్నెండు వరసలు, నడినెత్తి నుంచి అంచుదాకా 20–21 సెంటీమీటర్లు వచ్చేదాకా.

ఇంతవరకూ వచ్చిన టోపీ చూడ్డానికి బాగుంటుంది గానీ గాలికి ఆగదు. క్రోషే కుట్ల మధ్య సందులుంటాయి, మైనస్ 15లో గాలి వీస్తే చెవులకు తెలిసిపోతుంది. మన మంకీ టోపీని ఎంత వెక్కిరించినా ఈ విషయంలో దానిదే పైచేయి. మందు రెండు రకాలు. ఇంకో ఆరు వరసలు అల్లి అంచు పైకి మడవడం ఒకటి. లోపల ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఫ్లీస్ గుడ్డ పట్టీ కుట్టడం ఇంకొకటి, ఇది బాగా పనిచేస్తుంది. గుడ్డ సాగే వైపు తల చుట్టూ రావాలి, అడ్డంగా కత్తిరిస్తే టోపీ తలకి ఎక్కదు.

ఊలు ఎంపికకొస్తే, అక్రిలిక్ 80, ఊలు 20 కలిసినది ఈ పనికి సరైన రాజీ. లయన్ బ్రాండ్ ఊల్-ఈజ్ 85 గ్రాముల ఉండలో 180 మీటర్లు వస్తుంది, మడత లేని టోపీకి ఒకటి చాలు. మిషన్‌లో వేయొచ్చు. పూర్తి అక్రిలిక్ అయితే పొడిగాలిలో చిటపటలు ఎక్కువ. దాని మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే కుట్లు కరిగి, అణిగి, మెరుస్తాయి, ఇక బాగుచేయలేం. నాలుగైదు సెంటీమీటర్ల పైనుంచి ఆవిరి పట్టడం వరకే. స్వచ్ఛమైన ఊలు, లేబుల్ మీద సూపర్‌వాష్ అని లేకపోతే, మిషన్‌లోంచి చిన్నపిల్లల టోపీగా బయటికొస్తుంది. నల్ల ఊలు ఈ కాలంలో మొదలెట్టొద్దు, నాలుగింటి తర్వాత కుట్టు కనిపించదు.

అల్లుతూ చదవడం అనేది ఫోటోల్లో బాగుంటుంది. జిగురు బైండింగ్ తెలుగు పుస్తకం బల్ల మీద తెరిచి ఉండదు, చెయ్యి తీస్తే మూసుకుంటుంది. అల్లుతూ వినడం అయితే నడుస్తుంది, అదీ పెంచే పని లేని వరసల్లోనే. దాసుభాషితం ఆప్‌లో కథలు పెట్టుకోండి. మొదటి తొమ్మిది వరసలు మౌనంగా ముగించి, ప్రతి వరస మొదట్లో మార్కరు గుచ్చి, పదో వరస నుంచి కథ మొదలెట్టండి. లేదంటే కథ మలుపు తిరిగిన చోట 72 కాస్తా 74 అవుతుంది.

స్కాన్ పుస్తకాలు, అంటే ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్న పాత తెలుగు పీడీఎఫ్‌లు, ఆరంగుళాల ఈ-ఇంక్ తెర మీద కంటికి శిక్ష. పదంగుళాలది కావాలి.

ఇండియా నుంచి వచ్చే పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త. వెన్నుకి కరిగించి పూసే హాట్‌మెల్ట్ జిగురు చలికి పెళుసవుతుంది. వాకిట్లో గంటలు పడున్న పార్శిల్‌ని తెచ్చీ తేగానే విప్పి పుస్తకం తెరిస్తే వెన్ను 'టప్' మంటుంది, పేజీలు రెండు ముక్కలుగా చేతికొస్తాయి. పెట్టె విప్పకుండా ఒక రాత్రి గదిలో ఉంచండి.

ఊడిన పుస్తకాన్ని బాగుచేయడం మాత్రం మంచుకాలానికి తగిన పని. అట్ట తీసి, పాత జిగురు గీకి, పేజీలు సమంగా సర్ది రెండు చెక్కల మధ్య వెన్ను పైకి ఐదు సెంటీమీటర్లు వచ్చేలా బిగించండి. వెన్నును ఒక పక్కకు వంచితే ప్రతి పేజీ అంచూ మిల్లీమీటరు బయటపడుతుంది. అక్కడ పీవీఏ (తెల్ల) జిగురు పలచగా, మళ్ళీ రెండో పక్కకు వంచి ఇంకో పూత. నిటారుగా చేసి, అదిమి బిగించి, మీద పాత నూలు పంచె ముక్క రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్లు మిగిలేలా అతికించి రాత్రంతా వదిలేయాలి. అట్ట మర్నాడు. మందంగా పూస్తే జిగురు పేజీల మధ్యకు పాకుతుంది, ఎండాక అక్కడ పుస్తకం తెరుచుకోదు. పొడిగాలిలో పీవీఏ నిమిషాల్లో పొర కడుతుంది, పావు వంతు మిథైల్ సెల్యులోజ్ పేస్టు (నిదానంగా ఆరే జిగురు) కలిపితే సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక్క పేజీయే ఊడితే ఇదంతా అక్కర్లేదు, అంచున రెండు మిల్లీమీటర్ల జిగురు, అటూ ఇటూ మైనపు కాగితం, పైన బరువు, అంతే.

జిగురు అక్టోబరులోనే కొనిపెట్టుకోండి. జనవరిలో తెప్పిస్తే దారిలోనో వాకిట్లోనో గడ్డకట్టి, కరిగాక విరిగిన పాలలా ముద్దలుముద్దలుగా ఉంటుంది, ఎంత కలిపినా కలవదు. అక్రిలిక్ రంగులదీ అదే గతి. ఈ సామాను గరాజ్‌లో పెట్టొద్దు.

ల్యాంపు 4000–5000 కెల్విన్, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన, ఎటువైపైనా వంగే మెడ. కుడిచేతి వాటమైతే ఎడమ పక్కన పెట్టాలి, లేకపోతే చేతి నీడ కుట్టు మీదే పడుతుంది. 10,000 లక్స్ లైట్ థెరపీ పెట్టెను టేబుల్ ల్యాంపుగా వాడకండి, అది పొద్దున్న అరగంట ఎదుట కూర్చోవడానికి చేసినది.

దండగ జాబితా చిన్నదే. ఎయిర్ డ్రై క్లే (కాల్చకుండా గాలికి ఆరే మట్టి) పైపొర ముందే ఎండి పగుళ్లిస్తుంది, ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి రెండు మూడు రోజులు నిదానంగా ఆరనిస్తేనే దక్కుతుంది. ఎంబ్రాయిడరీ చెక్క ఫ్రేము ఎండి కుంచించుకుపోయి గుడ్డను వదిలేస్తుంది, లోపలి వలయానికి నూలు పట్టీ చుడితే పట్టు నిలుస్తుంది. స్ప్రే వార్నిష్, ఎపాక్సీ రెసిన్ మాత్రం తలుపులన్నీ బిగించిన ఇంట్లో వద్దే వద్దు. కిటికీలు బార్లా తెరవగలిగే మే నెల దాకా ఆ డబ్బా మూత తీయకండి.