ఎదిగే వయసు భయాలు, మూడు సినిమాలు: ముందు ఏది చూడాలి?

ఇంటర్ పరీక్షలు అయ్యాక మా మేనకోడలు విజయనగరం వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని చూసిన సినిమాల్లో మూడింటి గురించి రాస్తున్నాను. మూడూ చిన్నతనం చేజారే వయసు గురించినవే. మూడింట్లోనూ భయం ఉంది, కలలో నడిచినట్టుండే లోకం ఉంది. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది 2024లో వచ్చిన ‘ఐ సా ద టీవీ గ్లో’ మీద. ఎక్కువ నిరాశపరిచిందీ అదే.

ఆశ ఊరికే పుట్టలేదు. సినిమా మొదలే అంత బాగుంది. 1996, అమెరికాలో ఒక ఊరి శివారు. ఏడో తరగతి కుర్రాడు ఓవెన్‌కి ‘ద పింక్ ఓపేక్’ అనే సీరియల్ చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. అది శనివారం రాత్రి 10.30కి వస్తుంది, ఇంట్లో మాత్రం 10.15కే పడుకోవాలి. రెండు తరగతులు పైనున్న మ్యాడీ దాన్ని క్యాసెట్‌లో రికార్డు చేసి, స్కూల్లో ఫొటోలు కడిగే చీకటి గదిలో అతని కోసం పెట్టి వెళ్తుంది. అదే 1996లో నేను పదో తరగతి. సీరియల్ మొదలయ్యే వేళకి మా వీధిలో కరెంటు పోతే, మర్నాడు పొద్దున్న కరెంటున్న వీధి స్నేహితుడి చుట్టూ మూగి కథ చెప్పించుకునేవాళ్లం. వాడు చెప్పే కథ ఎప్పుడూ అసలు సీరియల్ కంటే పెద్దగా ఉండేది. టీవీ వెలుగు పడిన ఓవెన్ ముఖం చూస్తుంటే అదంతా కళ్లముందుకొచ్చింది.

తర్వాత మ్యాడీ మాయమవుతుంది. ఆమె టీవీ పెరట్లో తగలబడుతూ కనిపిస్తుంది. ఇక్కడికి మా ఇద్దరికీ టెన్షన్ మొదలైంది. కానీ ఎనిమిదేళ్ల తర్వాత ఆమె తిరిగొచ్చాక సినిమా చల్లబడిపోయింది. తను ఆ సీరియల్ లోపలే ఉన్నానని, డబ్బిచ్చి మరీ బతికుండగానే తనను పూడ్పించుకున్నానని ఆమె చాలాసేపు చెబుతుంది. మధ్యమధ్య కొన్ని దృశ్యాలు మెరుస్తాయి గానీ, ఒళ్లు గగుర్పొడవాల్సిన ఘట్టమంతా చెప్పడంతోనే గడిచిపోయింది. ఓవెన్ కూడా తన బతుకు గురించి కెమెరాకి తిరిగి మాటల్లో చెప్పుకుంటూ పోతాడు. సీరియల్‌లోని విలన్, చంద్రుడి ముఖమున్న మిస్టర్ మెలంకలీ, ఎంత భయపెట్టగలవాడో కదా! అతను ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది నా మనసుకి అందనేలేదు. అందుకే భయం నిలబడలేదు.

దీని పక్కన గిల్లెర్మో డెల్ టోరో తీసిన ‘పాన్స్ ల్యాబిరింత్’ (2006) పెట్టి చూడండి. స్పెయిన్, 1944. అంతర్యుద్ధం ముగిసి ఐదేళ్లయినా అడవుల్లో తిరుగుబాటుదారులు ఇంకా పోరాడుతున్నారు. పుస్తకాలంటే ప్రాణమైన ఒఫీలియా సవతి తండ్రి ఒక క్రూరమైన సైనికాధికారి. మేక కాళ్ల వింతజీవి ఒకటి ఆమెకు మూడు పనులు అప్పగిస్తుంది. రెండో పనిలో ఒకటే షరతు: బల్ల మీద విందు ఎంత ఊరించినా ఒక్క మెతుకు ముట్టకూడదు. బల్ల చివర చర్మం వేలాడుతున్న మనిషి కదలకుండా కూర్చుని ఉంటాడు, కళ్లు ఎదురుగా పళ్లెంలో ఉంటాయి. ఆ పిల్ల ద్రాక్షపండు తీసుకోగానే మా మేనకోడలు ‘వద్దే, వద్దే’ అని గట్టిగా అరిచింది. వాడు కళ్లు తీసి అరచేతుల్లో పెట్టుకుంటాడు. ఇక్కడ ఎవరూ ఏమీ వివరించరు. షరతు ముందే మనకు తెలుసు కాబట్టి పిల్ల చెయ్యి చాపడమే చాలు, గుండె ఆగిపోతుంది. అటు సవతి తండ్రి కూడా విందు బల్ల దగ్గర పెత్తనంగా కూర్చునేవాడే. మాయలోకం, నిజలోకం ఒకదాన్నొకటి ఎలా చూపిస్తాయో ఆ రెండు బల్లలూ చాలు.

మా ఊరివాళ్లకి ఇది కొత్తగా అనిపించకూడదు. మా విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మ పూజారికి కలలో కనిపించి చింతమాను ఎక్కడుందో చెబుతుందని మా నమ్మకం. దసరా తర్వాత వచ్చే మంగళవారం ఆ మానుతో చేసిన సిరిమాను చివర పూజారి కూర్చుంటాడు, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు, జనం అరటిపళ్లు విసురుతారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద నుంచి చూసి వణికిపోయాను. కల, చెట్టు, మూడు తిరుగుళ్లు, అన్నింటికీ ఒక కట్టుబాటు ఉంది. అందుకే ఆ వింత మనల్ని పట్టి ఉంచుతుంది. ‘టీవీ గ్లో’లో నాకు దొరకనిది ఆ కట్టుబాటే.

తొమాస్ ఆల్ఫ్రెడ్‌సన్ స్వీడన్‌లో తీసిన ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ (2008) మంచులో నెమ్మదిగా నడిచే సినిమా. స్కూల్లో దెబ్బలు తినే 12 ఏళ్ల ఆస్కర్‌కి పక్కింట్లో చేరిన ఎలీతో స్నేహం కుదురుతుంది. ఎలీ రక్తం తాగి బతికే జీవి, పిలవనిదే గడప దాటకూడదు. ఆస్కర్ ఒకరోజు కావాలనే పిలవడు. ఎలీ లోపలికొచ్చి నిలబడితే ఒంట్లోంచి రక్తం ఊరుతుంది. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిన రోజులు చూసినవాళ్లకి ఆ గడప విలువ చెప్పక్కర్లేదు.

మా మేనకోడలు మాత్రం నా మాట పూర్తిగా ఒప్పుకోలేదు. ‘ఏటి మావయ్యా, చివర్లో ఓవెన్ అందరికీ సారీ చెప్పుకుంటూ పోతుంటే నీకేం అనిపించలేదా?’ అని అడిగింది. అనిపించింది. లోపల ఊపిరాడక అరిచిన మనిషి, అరిచినందుకు క్షమాపణ అడుగుతూ నడిచిపోవడం నేను మరిచిపోలేను. దర్శకత్వం వహించిన జేన్ షోన్‌బ్రన్ ట్రాన్స్ వ్యక్తి, అంటే పుట్టినప్పుడు లోకం పెట్టిన ఆడ, మగ ముద్ర తనది కాదనుకునే మనిషి. తనెవరో తనకే దాచుకుని బతికే బాధ ఈ సినిమాకి గుండెకాయ. ఆ బాధ తెలిసినవాళ్లకి ఇది నాకంటే ఎంతో దగ్గరగా తగులుతుంది, వాళ్లు తప్పక చూడాలి. నా బాధల్లా అంత నిజమైన నొప్పికి తగ్గ భయం సినిమాలో పుట్టలేదనే.

ఒక్కటే చూడగలిగితే ‘పాన్స్ ల్యాబిరింత్’ చూడండి. హింస మాత్రం గట్టిగా ఉంది, సీసాతో కొట్టే ఒక ఘట్టంలో నేనే తల తిప్పుకున్నాను. పదో తరగతి లోపు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. రెండోది ‘లెట్ ద రైట్ వన్ ఇన్’, ఇల్లంతా నిద్రపోయాక ఒంటరిగా చూడాల్సినది. ‘టీవీ గ్లో’ మూడోది. దసరాకి మళ్లీ వస్తానంది మా మేనకోడలు. సిరిమాను చూసొచ్చిన రాత్రే ‘పాన్స్ ల్యాబిరింత్’ ఇంకోసారి పెట్టాలని ఇప్పుడే మాట తీసుకుంది.